జేజి దీపం ఎత్తేదాకా

ఇది రాసేటప్పుడు ముందుది వెనక, వెనకది ముందు పెడతానేమో. పెంచలయ్య కుళ్లాయప్ప సంగతి మొదట చెప్పాడో, ఫోను మొదట చూపించాడో ఇప్పుడు నాకు గట్టిగా తెలియడం లేదు. ఆ మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను, జరిగినదంతా చూశాను. వరుస తప్పితే చదివేవాళ్లు సర్దుకోండి.

పెంచలయ్య నందలూరులో మోటార్లకు రాగితీగ చుట్టే షాపు పెట్టుకున్నాడు. మా గురువమ్మ ఆదెమ్మ గారి దగ్గరికి భార్య నీలవేణితో కలిసి వచ్చేవాడు. ఆ పిల్ల కామెర్లు ముదిరి చనిపోయింది. ఆ తర్వాత ఒక్కడే వచ్చి, వెనక గోడకు ఆనుకుని కూర్చుని, ఎవరితోనూ మాట్లాడకుండా లేచి వెళ్లేవాడు.

ఆ రోజు మాత్రం ముందుకు వచ్చి కూర్చున్నాడు. జేబులోంచి రెండు ఫోన్లు తీసి చాప మీద పెట్టాడు.

"అమ్మా, ఒక మాట అడగల్ల. నవ్వకూడదు."

గురువమ్మ బొంత కుడుతోంది. పాత చీరలు మడతలు వేసి పరిచిన బొంత అది. రెండో కొస కదలకుండా నేను పట్టుకున్నాను.

"నవ్వొస్తే నవ్వుతా. అడుగు."

"ఫోను ఆటలో ఒక ముసలామె ఉండాది. ఆమెను తీసేయాల్నా, ఉంచాల్నా?"

నవ్వింది నేను. గురువమ్మ నవ్వలేదు.

ఆ ఆట ఎట్లా ఉంటుందో నాకు అర్థమైనంత చెబుతాను. కింద సగంలో రంగురాళ్లు ఉంటాయి. పై సగంలో ఎదుటి జట్టు వీరులు వరసగా నిలబడి ఉంటారు, రాళ్ల అడుగున మన వీరులు. ఒకే రంగు రాళ్లు మూడు పక్కపక్కన చేరేటట్టు వేలితో జరిపితే అవి పగిలి, నిట్టనిలువుగా పైకి ఎగిరి, ఆ వరసలో ఉన్న వీరుడికి తగులుతాయి. ఒక్కొక్క వీరుడికి ఒక్కొక్క విద్య. అది చూపడానికి శక్తి కూడాలి. కొందరికి ఇట్టే కూడుతుంది, కొందరికి చాలా ఆలస్యం.

ఏ వీరుడు మంచివాడు, ఎవడు పనికిరాడు అని తూచి చెప్పేవాళ్లు కూడా ఉంటారట. పెంచలయ్యకు అందులో పేరుంది. కొత్త వీరుడు వస్తే ఎక్కడెక్కడివాళ్లో అతణ్ణి అడుగుతారు. అతడు పదికి ఇన్ని అని మార్కులు వేస్తాడు. తక్కువ వేశాడంటే ఆ వీరుణ్ణి జనం పెద్ద వీరులకు మేత వేసేస్తారు. ఒకణ్ణి తిని ఇంకొకడు బలుస్తాడు. ఆటలో ఆ ఏర్పాటే ఉందట.

"పాపం గదరా," అంది గురువమ్మ.

"ఆటేనమ్మా."

"సరే. ఆ ముసలామె ఎవరు?"

ఆ ముసలామె నాకు తెలుసు. నీలవేణి ఉన్నప్పుడు మొగుడూ పెళ్లాలు ఇదే చాప మీద కూర్చుని ఆమె గురించి పోట్లాడుకోవడం నేను విన్నాను. నడుము వంగి, చేతిలో దీపం పట్టుకుని నిలబడే బొమ్మ. ఆటలో ఏదో ఇంగ్లీషు పేరు ఉంది. నీలవేణి మాత్రం జేజి అనేది. వాళ్ల నాయన తల్లిలాగా ఉందట.

"దానికి రెండు మార్కులు. నేనే వేసినా," అనేవాడు పెంచలయ్య. "విద్య రావడం చానా ఆలస్యం. వచ్చినా మనవాళ్లు, పరాయివాళ్లు అని తేడా లేదు. దీపం ఎత్తితే అందరి గాయాలూ మానతాయి. కొట్టేవాడి గాయం కూడా మాన్పే వీరురాలు ఎందుకే? మేత వేసెయ్."

"మా జేజిని మేత వేస్తారా ఎవరన్నా?"

"మీ జేజిని యుద్ధానికి పంపుతారా ఎవరన్నా?"

"పంపుతా. నీకంటే బాగానే నిలబడుతుంది లే."

తన దగ్గరున్న చిన్నా చితకా వీరులందరినీ జేజికే తినిపించి, ఆమెను ఎంత పెంచవచ్చో అంత పెంచింది. అది చూసి పెంచలయ్య తల కొట్టుకున్నాడు. మేము నవ్వుకున్నాం.

తర్వాతి సంగతి ఆ మధ్యాహ్నమే అతడు చెప్పగా తెలిసింది. ఆసుపత్రి మంచం మీద, ఇక కూర్చోలేని రోజుల్లో, నీలవేణి ఫోను అడిగి తీసుకుందట. తన జట్టు నడిమధ్యలో ఉన్న బలమైన వీరుణ్ణి పక్కకు జరిపి, జేజిని అక్కడ నిలబెట్టిందట.

"మధ్యలో నిలబెడితే ముందు దెబ్బ ఆమెకే తగులుతాది," అన్నాడట పెంచలయ్య.

"మా ఇంటికి ఎవరొచ్చినా ముందు జేజిని పలకరించి లోపలికి పోవాల."

"పలకరించరే పిచ్చిదానా. కొడతారు."

"కొట్టేవాళ్లు కొట్టనీలే. నీకేం?"

ఆమె ఆ ఫోను ముట్టుకోవడం అదే ఆఖరు.

మనిషి పోయినా ఆటలో జట్టు పోదట. ఆమె ఎట్లా నిలబెట్టిందో అట్లాగే నిలబడి ఉంటుంది, ఎవరైనా మీదికొస్తే తనంతట తానే తిరిగి కొడుతుంది. పెంచలయ్య ఆ ఫోనుకు రోజూ చార్జింగు పెడతాడు. కానీ అందులో ఆట తెరవడు. తెరిస్తే ఆమె వదిలిపెట్టి వెళ్లినదేదో చెదిరిపోతుందని భయం. తన ఫోనులోంచే, ఒకే గ్రూపులో ఉన్నవాళ్లు ఆడుకునే ఉత్తుత్తి పోరులో, ఆమె జట్టుతో రోజూ పొద్దున్నే ఒకసారి ఆడి షాపు తెరుస్తాడు.

"ఎవరు గెలుస్తారు?" అని అడిగింది గురువమ్మ.

"నేనేనమ్మా. అందరూ పడిపోతారు." చాప మీది నీలవేణి ఫోనును సర్దిపెట్టాడు. "మళ్లీ మరుసటి పొద్దుకు లేచి నిలబడి ఉంటారు. అందుకే పోతాను."

ఇప్పుడు వచ్చిన చిక్కు ఆ గ్రూపు పెద్దతో. అతని పేరు కుళ్లాయప్ప, కదిరివాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నది లేదు, ఫోనులోనే స్నేహం. గ్రూపులో చోట్లు కొన్నే ఉంటాయట. గ్రూపులకూ గ్రూపులకూ యుద్ధం జరిగినప్పుడు నీలవేణి జట్టు దగ్గరే వీళ్లు ఓడిపోతున్నారు. కుళ్లాయప్ప పంపిన మెసేజ్ పెంచలయ్య చదివి వినిపించాడు.

"అన్నా, తప్పుగా అనుకోవద్దు. మనమీదికి యుద్ధానికొచ్చినోళ్లకు వదినమ్మ జట్టులోని ముసలమ్మ మందు పూసి పంపుతాంది. పక్కోళ్లు నవ్వుతాండారు. వీరులకు మార్కులేసేది నువ్వే. రెండు మార్కుల ముసలమ్మను మధ్యలో పెట్టుకుంటే నేను గ్రూపోళ్లకు ఏం చెప్పాల? వదినమ్మ ఫోను నీ దగ్గరే ఉండాది గదా. ఆమెను తీసి ఇంకొకర్ని పెట్టు. కుదరదంటే ఆ చోటు ఖాళీ చేసుకుంటా."

చదివి ఫోను కింద పెట్టాడు.

"తీసేస్తే నీలవేణి పెట్టింది పోతాది. తీయకపోతే ఆమె జట్టు గ్రూపులోంచి పోతాది. మళ్లీ నేను పొద్దున్నే పోయేదానికి ఉండదు. కుళ్లాయప్పది తప్పు లేదమ్మా. జేజి విలువ రెండు మార్కులే. తీసేయ్ అని మీరొక మాట అంటే తీసేస్తా."

గురువమ్మ అనలేదు. "ఏదీ, చూపించు," అంది.

అతడు తన ఫోనులో ఉత్తుత్తి పోరు తెరిచాడు. ఆమె కళ్లకు దగ్గరగా తెచ్చుకుని చూసింది.

"ఈమేనా? కొంగు చక్కగా కప్పుకుంది. దీపం ఎత్తగా చూసినావా నువ్వు?"

"లేదమ్మా. ఎత్తేలోపలే పడగొడతా."

"ఎప్పుడూ?"

"ఎప్పుడూ అంతే. మొదట ఆమెను కొడితే మిగతాది సులువు."

"మరి మార్కులు ఎట్లా వేస్తివి?"

"చదివి వేసినా. ఆమె బలమెంత, విద్య ఏంది, అంతా రాసి ఉంటాది గదా."

గురువమ్మ సూదిని బొంతకు గుచ్చి, చేతులు తుడుచుకుని, అతని పక్కకు జరిగి కూర్చుంది.

"ఆడు. నేనూ చూస్తా."

పెంచలయ్య వేలు అలవాటుగా నడిమి రాళ్ల మీదికి పోయింది. గురువమ్మ అతని మణికట్టు పట్టుకుంది.

"ఆమెను వదిలి ఆడు."

"ఓడిపోతానమ్మా."

"ఓడిపో."

అతడు పక్క వరసల్లో ఆడాడు. ఆడడం తెలిసిన మనిషి, అయినా రెండుసార్లు తప్పు రాయి జరిపాడు. అటు కొసన ఉన్నవాణ్ణి ఒకణ్ణి పడగొట్టాడు. వేలు మళ్లీ మధ్యకు జారింది. మణికట్టు మీద చెయ్యి బిగిసింది.

నీలవేణి జట్టు ఊరికే ఉండలేదు. బాణాల పిల్ల ఒకతె వరసపెట్టి కొట్టింది. పెంచలయ్య గొడ్డలివాడు కూలిపోయాడు.

"చూడండమ్మా, నావాళ్లు పోతాండారు."

"చూస్తానే ఉన్నా."

"ఇంక ఒక్క దెబ్బ పడితే వీడు కూడా పోతాడు."

"ఊ."

నాకు ఆట తెలియదు. అయినా నేను బొంత వదిలేసి అతని భుజం మీదుగా వంగి చూస్తున్నాను. అతని వీరుల పక్కన, ఎంత ప్రాణం మిగిలిందో చూపే పచ్చగీతలు అడుగంటిపోయాయి. జేజి మాత్రం మధ్యలో అట్లాగే నిలబడి ఉంది. ఆమెను ఎవరూ కొట్టలేదు. ఆమె ఎవరినీ కొట్టలేదు.

అప్పుడు ఆమె దీపం ఎత్తింది.

పెద్ద చప్పుడేమీ రాలేదు. పసుపు వెలుతురు ముందు ఆమె పక్కవాళ్ల మీద పడింది. తర్వాత కిందికి, రంగురాళ్ల మీదుగా, పెంచలయ్య వీరుల మీదికి దిగింది. అడుగంటిన పచ్చగీతలు ఒక్కొక్కటే నిండాయి. పోతాడనుకున్నవాడు తల ఎత్తాడు.

పెంచలయ్య వేలు గాలిలో ఆగిపోయింది.

"నావాళ్లకు కూడా," అన్నాడు.

రాసి ఉన్నది అదే. అతడు చదివి, తప్పని తేల్చి, మార్కులు కోసింది కూడా అందుకే. గురువమ్మ ఆ మాట అనలేదు. అతని మణికట్టు వదిలేసి, బొంత దగ్గరికి జరిగి, సూది తీసుకుంది.

ఆ ఆటలో తొందర లేదు. మనం వేలు కదిపేదాకా అందరూ ఉన్నచోటే ఉంటారు. అతడు కదపలేదు. ముఖం మీద పసుపు వెలుతురు పడుతోంది. నేను చూడలేక బొంత కొస పట్టుకున్నాను.

"పొద్దున్నే వచ్చి పడగొట్టి పోతిని," అన్నాడు. "రోజూ."

గురువమ్మ సూదిలోకి కొత్త దారం ఎక్కించుకుంది.

ఫోనులో మెసేజ్ వచ్చింది. కుళ్లాయప్పే. "ఏం చేసినావన్నా? సాయంత్రం యుద్ధం ఉండాది."

పెంచలయ్య నీలవేణి ఫోను చేతిలోకి తీసుకున్నాడు. తెరుస్తాడేమో అనుకున్నాను. చొక్కా అంచుతో అద్దం తుడిచి, జేబులో పెట్టుకున్నాడు. తన ఫోనులో మెల్లగా ఏదో కొట్టాడు. ఏం రాశావు నాయనా అంటే నా వైపు తిప్పి చూపించాడు.

"చోటు ఖాళీ చేసుకో తమ్ముడూ. జేజిని నేను ముట్టుకోను."

"మరి ఖాళీ చేస్తే నీకు కనబడదు గదా?" అన్నాను. నోరు ఊరుకోలేదు.

"కనబడదు పెద్దమ్మా."

కుళ్లాయప్ప దగ్గర్నుంచి దండం పెట్టే చేతుల బొమ్మ వచ్చింది. ఆ తర్వాత కొంచెం సేపటికి గ్రూపులో నీలవేణి పేరు లేదు. దాని కింద ఉన్న పేరు పైకి జరిగింది. ఖాళీ కూడా కనబడలేదు. పెంచలయ్య వేలితో పైకీ కిందికీ జరిపి ఒకసారి చూసుకున్నాడు. ఫోను బోర్లించి చాప మీద పెట్టాడు.

బయట ఎండ తగ్గింది. గురువమ్మ ఒక వరస కుట్టడం అయ్యేదాకా అతడు కదలలేదు.

"ఎక్కడికీ పోలేదమ్మా ఆ జట్టు," అన్నాడు. ఆమెతో చెబుతున్నాడో, తనతోనో. "ఆటలోనే ఉంటాది. లక్షలమంది ఆడతారు. ఎవరికి ఎవరు ఎదురు పడతారో మన చేతిలో లేదు. ఏదో ఒక పొద్దు నాకు ఎదురు పడొచ్చు. పడకపోనూవచ్చు."

"పడితే?" అంది గురువమ్మ, తల ఎత్తకుండా.

అతడు ఆలోచించాడు. ఆ ముఖంలో మార్కులు వేసేవాడి తీరు లేదు.

"కూర్చుంటానమ్మా."

రేణుకా, నా మేనకోడలివి గనక నీకే పని చెబుతున్నాను. పేర్లు ఒకసారి సరిచూసి దిద్దు. గ్రూపు పెద్ద కుళ్లాయప్పేనా, అతనిది కదిరేనా, పెంచలయ్య షాపు నందలూరులోనా రాజంపేటలోనా, నాకు అనుమానంగా ఉంది. నీలవేణి పేరు మాత్రం చూడనక్కరలేదు. అది సరిగానే రాశాను.