కాగితంలో లేని మ్యూజియం

తైగెన్‌కి గురువు మీద కోపం వచ్చి నాలుగేళ్ళయింది. ఇంకా తగ్గలేదు.

జపాన్‌లో పడమటి సముద్రం వైపు సానిన్ అనే ప్రాంతం ఉంది. అక్కడ ఒక కొండ మీద చిన్న జెన్ మఠం. గురువు పేరు బున్కై. ఎనభై దాటిన మనిషి. తైగెన్ ఆయన శిష్యుడు. ఇరవై ఎనిమిదో ఏట పట్నంలో ఉద్యోగం వదిలేసి వచ్చి అక్కడే ఉండిపోయాడు. ఇప్పుడు నలభై.

మఠంలో పెద్ద గదికి ఆరు జారుడు తలుపులుండేవి. చెక్క చట్రానికి కాగితం అంటించిన తలుపులు. రెండొందల ఏళ్ళ కిందట పేరు తెలియని భిక్షువు ఒకాయన వాటి మీద సిరాతో బొమ్మ వేశాడు. వాన, పొలం, ఒక ఎద్దు, ఒక రైతు. అంతే.

తైగెన్ వచ్చిన కొత్తలో గురువు అతనికి అప్పగించిన మొదటి పని ఆ తలుపుల దుమ్ము దులపడం. ఈకల కుంచెతో, తగిలీ తగలనట్టు. రోజూ పొద్దున్నే చేసేవాడు. ఎనిమిదేళ్ళు చేశాడు. మొదటి చలికాలం, ఈ చలి, ఈ చాకిరీ తనవల్ల కాదని మూట కట్టుకున్నాడు. పని పూర్తిచేసి పోదామని కుంచె పట్టుకుని ఎద్దు ముందు కూర్చున్నాడు. మధ్యాహ్నందాకా కూర్చున్నాడు. పోలేదు.

తర్వాత ఒక వానాకాలంలో కప్పు కారింది. తలుపుల అడుగున నల్లగా బూజు పాకింది. తైగెన్ ఊళ్ళో ఒకరి అంత్యక్రియలు జరిపించడానికి వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చేసరికి ఆరు తలుపులూ లేవు. వాటి చోట తెల్ల కాగితం తలుపులు ఆరు నిలబడి ఉన్నాయి.

"సరస్సు ఒడ్డు మ్యూజియం వాళ్ళకి ఇచ్చేశాను," అన్నారు గురువు. "ఇక్కడుంటే ఇంకో రెండు వానాకాలాలు కూడా బతకవు."

"నాకొక్క మాట చెప్పలేదు."

"చెబితే ఇవ్వనిచ్చేవాడివా?"

"లేదు."

"అందుకే."

బూజు సంగతి తైగెన్‌కి తెలుసు. మఠంలో వాటిని కాపాడే వీలు లేదనీ తెలుసు. అయినా ఆ 'అందుకే'ని అతను క్షమించలేకపోయాడు. ఆ రోజునుంచీ గురువుతో అవసరమైనంతే మాట్లాడేవాడు. పని మాత్రం తప్పేవాడు కాదు. వంట చేసేవాడు, ఊడ్చేవాడు, మంత్రం చదివేవాడు. అన్నింట్లోనూ కోపం ఉండేది. చీపురు చప్పుడు విని గురువు ఒక్కోసారి తల ఎత్తేవారు.

ఆ కోపానికి రోజూ ఉప్పు చల్లే పని ఒకటి ఉండేది.

మఠానికి వచ్చే యాత్రికులు టీ తాగి, చెప్పులు వేసుకుంటూ, "ఈ చుట్టుపక్కల చూడదగ్గ మ్యూజియంలు ఏమున్నాయి?" అని అడిగేవారు. గురువుకి బొమ్మలంటే ప్రాణం. వాళ్ళకోసం ఒక కాగితం తయారుచేశారు. చెయ్యి వణకడం మొదలయ్యాక దానికి నకళ్ళు రాసే పని తైగెన్‌కి వచ్చింది. అందులో నాలుగు మ్యూజియంలు ఉండేవి.

'సరస్సు ఒడ్డు మ్యూజియం. సాయంత్రం నాలుగింటికి వెళ్ళండి, వెలుగు బాగుంటుంది. మా ఎద్దు అక్కడే ఉంది. మేం అడిగామని చెప్పండి.

'కుండల మ్యూజియం. పాత బియ్యం గోదాములో పెట్టారు. మెట్లు నిటారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు పైకి ఎక్కొద్దు, మంచివన్నీ కిందే ఉన్నాయి.

'వేడినీటి బుగ్గల ఊరిలో, చెక్క అచ్చులతో కాగితం మీద వేసిన అచ్చుబొమ్మల మ్యూజియం. ముందు స్నానం, తర్వాత బొమ్మలు.

'గుట్ట మీద శిల్పాల మ్యూజియం. సముద్రపు గాలి ఎక్కువ. టోపీ జాగ్రత్త.'

'మా ఎద్దు అక్కడే ఉంది' అన్న చోటికి వచ్చేసరికి తైగెన్ కుంచె కాగితాన్ని పొడిచేది. మాది అయితే అక్కడెందుకుంది? ఎనిమిదేళ్ళు ఊపిరి బిగపట్టి దులిపింది నేను. ఎవరో టికెట్టు కొనుక్కుని అద్దం ముందు ఫొటో తీసుకుంటారు. నేను వాళ్ళకి దారి రాసివ్వాలి.

ఈ ఏడు శరదృతువులో ఒకరోజు అతను మొదటి మ్యూజియం రాయలేదు. కాగితం రెండో దానితో మొదలుపెట్టాడు. చివరిదాకా రాసి, ఆరబెట్టి, దొంతిలో పెట్టాడు. ఆ పూట అన్నం రుచిగా అనిపించింది.

తర్వాత రాసిన కాగితాలన్నీ అలాగే రాశాడు. ఎవరూ కనిపెట్టలేదు. అడిగినవాళ్ళు తీసుకుని, దణ్ణం పెట్టి వెళ్ళేవారు.

మంచు పడే రోజులు దగ్గరపడ్డాక, ఒక పొద్దున ఇద్దరు వచ్చారు. ముందు ఒక ముసలాయన, ఆయన మోచెయ్యి పట్టుకుని కూతురు. ఆయన పేరు తమేకిచి. సముద్రంలో దీవి మీద పశువులు పెంచే రైతు. కూతురు చిజురు. ఓడలో వచ్చి, రేవులో కారు అద్దెకి తీసుకుని కొండెక్కారు. గురువు ఆ రోజు జ్వరంతో లోపల పడుకుని ఉన్నారు. తైగెన్ ఒక్కడే ఎదురెళ్ళాడు.

"ఇక్కడ ఎద్దు తలుపులు ఉండేవి," అన్నాడు తమేకిచి. "పదేళ్ళ వయసులో మా నాన్న తీసుకొచ్చి చూపించాడు. మళ్ళీ ఒకసారి చూద్దామని వచ్చాను స్వామీ. కళ్ళు పోతున్నాయి. చలికాలం దాటవన్నాడు డాక్టరు."

"ఇక్కడ లేవు," అన్నాడు తైగెన్.

"మరి ఎక్కడున్నాయి?"

"తీసుకెళ్ళిపోయారు."

ఆ మాట ఎంత కటువుగా వచ్చిందంటే, ముసలాయన ఎవరు తీసుకెళ్ళారని అడగలేకపోయాడు. "ఏదైనా మ్యూజియంలో ఉన్నాయేమో," అన్నాడు చివరికి.

తైగెన్ దొంతిలోంచి పై కాగితం తీసి ఆయన చేతిలో పెట్టాడు. "ఈ ప్రాంతంలో చూడదగ్గవి ఇవి," అన్నాడు.

ముసలాయన కాగితాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, చదవలేక, కూతురికిచ్చాడు. ఇద్దరూ వంగి దణ్ణం పెట్టారు. కారు కొండ దిగుతున్న చప్పుడు వినిపించింది. పిలిచి చెప్పొచ్చు, అనుకున్నాడు తైగెన్. సరస్సు గంట దూరం. అనుకుంటూనే నిలబడ్డాడు. కారు చప్పుడు ఆగిపోయింది.

మూడో రోజు పొద్దున చిజురు మళ్ళీ వచ్చింది. తండ్రి కారులో కూర్చుని ఉన్నాడు. గురువు లేచి తిరుగుతున్నారు, వరండాలో ఎండకి కూర్చున్నారు. ఆమె ఆయనకి నమస్కారం చేసి, తైగెన్ వైపు తిరిగింది.

"ఎద్దు తలుపులు సరస్సు ఒడ్డు మ్యూజియంలో ఉన్నాయని మీకు తెలుసా?" అంది.

తైగెన్ గురువు వైపు చూశాడు.

"తెలుసా, తెలియదా?"

"తెలుసు."

"రెండు రోజులు తిరిగాం. కుండల దగ్గర నిటారు మెట్లెక్కి పై అంతస్తంతా వెతికాడు మా నాన్న, ఎద్దు పైన ఉందేమోనని. అచ్చుబొమ్మలు ఒక్కొక్కటీ ముక్కు ఆనించి చూశాడు. గుట్ట మీద సముద్రపు గాలిలో శిల్పాలు తడుముకుంటూ తిరిగాడు. అక్కడ టికెట్లిచ్చే ఆవిడ చెప్పింది, సరస్సు ఒడ్డుకి వెళ్ళమని. వెళ్ళేసరికి నిన్న సాయంత్రం అయిదయింది. ఆ తలుపుల్ని మరమ్మతుకి క్యోతోకి పంపేశారట. నిన్న మధ్యాహ్నమే బండి వెళ్ళింది. ఏడాది పడుతుందట."

ఆమె గొంతు పెరగలేదు.

"మొదటిరోజే నేను ఫోన్‌లో వెతుకుతానన్నాను. మా నాన్న వద్దన్నాడు. మఠంవాళ్ళు రాసిచ్చిన కాగితం ఉండగా ఫోన్ ఎందుకన్నాడు."

కాగితం తీసి వరండా మీద పెట్టింది.

"ఆయన మిమ్మల్ని ఏమీ అనొద్దన్నాడు. నాకు అనాలని ఉంది. మీకేం కోపమో నాకు తెలియదు స్వామీ. ఎవరి మీదో ఉంది. మేమెవరమో కూడా తెలియని మీరు, దాన్ని మా నాన్న కళ్ళ మీద తీర్చుకున్నారు."

గురువు కాగితం అందుకుని చదివారు. మొదటి వాక్యం మళ్ళీ చదివారు. తైగెన్ ఆయన ముఖం చూశాడు. పన్నెండేళ్ళలో ఆ ముఖంలో ఇంత కోపం ఎప్పుడూ చూడలేదు. దవడ ఎముక కదిలింది. అరుస్తారనుకున్నాడు. అరిస్తే బాగుండుననుకున్నాడు.

గురువు లేచి, చెప్పులు వేసుకుని, తనే కారు దగ్గరికి నడిచారు. తలుపు తీసి తమేకిచి చెయ్యి పట్టుకుని దింపారు. మెల్లగా పెద్ద గదిలోకి తీసుకొచ్చి, తెల్ల తలుపుల ముందు ఆసనం వేసి కూర్చోబెట్టారు.

"నువ్వూ కూర్చో," అన్నారు తైగెన్‌తో. "ఆయనకి ఎద్దుని చూపించు."

"ఏం చూపించను గురువు గారూ? తెల్ల కాగితం ఉంది."

"ఆయనకీ నీకూ ఇప్పుడు తేడా లేదు. చూపించు."

తైగెన్ కూర్చున్నాడు. తన మీద, గురువు మీద, గుమ్మంలో నిలబడి చూస్తున్న ఆ అమ్మాయి మీద, అందరి మీదా మండిపోతోంది. గోడకి చెబుతున్నట్టు మొదలుపెట్టాడు.

"మొదటి తలుపు మీద వాన. రెండో దాని మీదా వానే, కింద గట్టు. మూడో దాని మీద ఎద్దు. నాలుగోది బురద. అయిదో దాని మీద రైతు. ఆరోది ఖాళీ."

"ఎద్దు ఏ కాలు ముందుకేసింది?" అడిగాడు తమేకిచి.

తైగెన్ ఆగాడు. తెలియదు. కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి దానంతటదే లేచింది. కుంచె పట్టుకున్నట్టు వేళ్ళు బిగిసి, గాలిలో ఎద్దు మెడ మీదుగా, భుజం మీదుగా కిందికి జారాయి.

"ఎడమ కాలు. మోకాలి దాకా బురదలో ఉంది."

"వెనక కాళ్ళు?"

"రెండూ ఒక్కచోటే."

"అయితే అది నడవడం లేదు," అన్నాడు ముసలాయన. "నడిచే ఎద్దుకి వెనక కాళ్ళు అలా ఉండవు. తల దించిందా, ఎత్తిందా?"

"ఎత్తింది. కొంచెం పక్కకి తిప్పింది."

"ఎటు?"

"వెనక్కి."

"మనిషి ఏం చేస్తున్నాడు?"

"వంగి ఉన్నాడు. కలుపు తీస్తున్నాడు."

తమేకిచి నవ్వాడు. ఇన్ని రోజుల్లో ఆయన నవ్వడం చిజురు అప్పుడే చూసింది. "అంత వానలో ఎవడైనా కలుపు తీస్తాడా స్వామీ? చేతులు ఎక్కడున్నాయో చూడండి."

తైగెన్ చెయ్యి నాలుగో తలుపు దాటింది, అయిదో దాని అడుగుకి వెళ్ళింది. ఎప్పుడూ దుమ్ము పేరుకునే మూల అది. అక్కడ రెండు చేతులూ మణికట్టు దాకా సిరాలో మునిగి ఉంటాయి. ఒక మోకాలు నేలని ఆనుకుని ఉంటుంది. టోపీ లేదు. అన్నీ అతనికి తెలుసు. ఒక్కొక్క గీత తెలుసు.

"పడిపోయాడు," అన్నాడు తైగెన్. "జారి పడ్డాడు."

"అదీ," అన్నాడు తమేకిచి. "మా నాన్న అప్పుడు చెప్పింది ఇదే. ఒరేయ్, మంచి ఎద్దంటే బరువు లాగేది కాదు, మనం పడితే ఆగేది అన్నాడు. అరవై ఏళ్ళు పశువుల్ని ఆ ఒక్క మాటతోనే ఎంచుకున్నాను."

తైగెన్ కళ్ళు తెరవలేదు. ఎనిమిదేళ్ళు ఆ ఎద్దుని తాకాడు. అది ఎవరికోసమో ఆగి ఉందని అతనికి ఒక్కనాడూ తట్టలేదు.

"ఇంకా చెప్పండి," అన్నాడు ముసలాయన. "వాన గీతలు ఎటు వాలి ఉన్నాయి?"

చెప్పాడు. తాడు సంగతి చెప్పాడు, కొమ్ముల సంగతి చెప్పాడు, ఎద్దు వీపు మీంచి లేచే ఆవిరికోసం ఆ భిక్షువు సిరా వేయకుండా వదిలేసిన చోటు చెప్పాడు. మధ్యలో ముసలాయన దిద్దాడు. ఒకచోట ఇద్దరికీ మాట కుదరలేదు, తోక తడిసి ఉందా లేదా అని. ఎండ తలుపుల మీదికి వచ్చి, పక్కకి జరిగిపోయింది. గురువు తనే టీ కాచి తెచ్చి ముగ్గురికీ ఇచ్చారు.

ఓడ వేళయిందని చిజురు తండ్రిని లేపింది. ఆయన తైగెన్ చేతులు రెండూ పట్టుకున్నాడు.

"బాగా చూశాను," అన్నాడు.

తైగెన్ కారు దాకా వాళ్ళ వెంట వెళ్ళాడు. తండ్రిని కూర్చోబెట్టి తలుపు మూశాక చిజురు ఒక్క నిమిషం ఆగింది.

"మా నాన్న సంతోషంగా ఉన్నాడు," అంది. "నేను మాత్రం మిమ్మల్ని క్షమించలేదు."

తైగెన్ నడుం వంచి, కారు మలుపు తిరిగేదాకా అలాగే ఉన్నాడు.

తిరిగి వచ్చేసరికి గురువు పెద్ద గదిలో టీ గిన్నెలు ఏరుతున్నారు. చేతి వణుకుకి అవి ఒకదానికొకటి తగిలి చప్పుడవుతున్నాయి. తైగెన్ ఆయన ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"నన్ను తిట్టండి."

"ఆ అమ్మాయి తిట్టింది కదా. సరిగ్గా తిట్టింది. నేను అంతకంటే బాగా తిట్టలేను."

అబద్ధం చెప్పడం ఇక అతనివల్ల కాలేదు.

"గురువు గారూ, మీ మీద కోపం నాకింకా పోలేదు."

గురువు గిన్నెలు అతని చేతికిచ్చారు.

"ఉండనీ," అన్నారు. "దారికి అడ్డంగా మాత్రం పెట్టకు."