పిచ్చుకలను అడగని ముద్ర

అనగా అనగా ఒక రాజ్యం. ఆ రాజ్యానికి ముగ్గురు రాజులు. ఒకరి తర్వాత ఒకరైతే ఈ కథే ఉండేది కాదు. ముగ్గురూ ఒక్కసారే రాజులు.

ముసలిరాజు కన్నుమూసిన పదకొండో నాడే పెద్దకొడుకు కోటలో, చిన్నకొడుకు ఏటి ఒడ్డున, సేనాపతి దండులో ఎవరికి వారే కిరీటం పెట్టుకున్నారు. కత్తులు లేచాయి. కాళ్ళున్నవాళ్ళంతా అడవిబాట పట్టారు.

లేవలేనివాళ్ళు కొండవ్వ ఇంట్లో మిగిలారు. కొండవ్వ మంత్రసాని. ఏ పేట ఆడవాళ్ళయినా సరే, దిక్కులేకపోతే ఆమె ఇంట్లోనే పురుడు పోసుకుని, ఒళ్ళు కుదుటపడ్డాక వెళ్ళేవారు. ఇప్పుడక్కడ పన్నెండుమంది బాలింతలు, పన్నెండు ఉయ్యాలలు. తీసుకుపోవడానికి ఎవరి మగడూ రాలేదు. కుండలో బియ్యం నాలుగు రోజులకే ఉన్నాయి.

ఆ ఇంటికి బియ్యం ధర్మకొట్టు నుంచి వచ్చేవి. ఇప్పుడు దాన్ని చూసుకునే నాగదత్త శెట్టికి తాతైనవాడు దానాల కోసం కట్టించిన కొట్టు అది. పోతూ పోతూ ఆయన ఒక కట్టడి చేశాడు: రాజుగారి లక్కముద్ర ఉన్న తాటాకు చూపనిదే గింజ కదలకూడదని. దొంగ సన్యాసులు మోసం చేయకుండా పెట్టిన కట్టడి. మంచిదే. రాజు ఒక్కడే ఉన్నన్నాళ్ళూ మంచిదే.

కొండవ్వ కోటకు నడిచింది. రెండు రోజులు గుమ్మంలో పడిగాపులు కాసి పెద్దరాజు ఏనుగు ముద్ర వేసిన తాటాకు సంపాదించింది. తీరా కొట్టు దగ్గరికొచ్చేసరికి చిన్నరాజు భటులు వీధిలో తిరుగుతున్నారు.

“దాచెయ్యవ్వా, దాచెయ్!” శెట్టి ఉత్తరీయం తీసి తాటాకు మీద కప్పేశాడు. “ఏనుగు కనబడితే నా తల ఎగిరిపోతుంది. చిన్నరాజుగారి పంది ముద్ర పట్రా, బండెడు తోలిస్తా.”

“నీది ఒక్క తలకాయ శెట్టీ. అక్కడ ఇరవై నాలుగున్నాయి.”

“అంత మాటనకు. కొట్టు నిలబడితేనే కదా రేపు పదిమందికి పెట్టగలను?”

ఆ మాటలో తప్పెక్కడుందో కొండవ్వకు దొరకలేదు. ఏటి ఒడ్డుకు నడిచింది. ఇంటి దగ్గర అంబలి పలచబడింది.

పంది ముద్రతో తిరిగొచ్చేసరికి సేనాపతి దండోరా మోగుతోంది. పంది ముద్ర పట్టుకున్నవారికి కొరడా దెబ్బలట. శెట్టి ఈసారి తలుపు ఓరగానే తీశాడు.

“ఇప్పుడు పులి ముద్ర కావాలవ్వా.”

“ఆ పులి ఎక్కడుందో చెప్పు. వెళ్తా.”

“ఎక్కడని చెప్పను? దండు రోజుకో చోట దిగుతోంది. నాలుగు రోజులు ఓపిక పట్టు. ఎవరో ఒకరు కుదురుకుంటారు.”

“వాళ్ళు కుదురుకునేదాకా తల్లుల దగ్గర పాలుంటాయా?”

శెట్టి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

ఆ వారంలోనే మొదటి బిడ్డ పోయింది. తల్లి పుల్లమ్మ ఖాళీ ఉయ్యాలనే ఊపుతూ కూర్చుంది.

మూడోసారి కొండవ్వ ఏ ముద్రా లేకుండా వచ్చింది. కొట్టు ముంగిట చిరిగిన బస్తాలోంచి గింజలు రాలి ఉన్నాయి. పిచ్చుకలు ఏరుకు తింటున్నాయి.

“శెట్టీ, నీ కొట్టు జోలికి రాను. ఆ రాలినవి ఏరుకుపోతా.”

“వద్దవ్వా! చూసినవాళ్ళు నేనే ఇచ్చాననుకుంటారు.”

“మరి పిచ్చుకలు తింటున్నాయే. వాటిని ఏ రాజు ముద్ర అడిగావు?”

శెట్టి తలుపు మూశాడు. లోపల గడియ పడింది, సిగ్గుపడ్డట్టు మెల్లగా. కొండవ్వ వంగి రెండు గుప్పిళ్ళు ఏరి కొంగున కట్టింది. వీధి మలుపులో పహరావాడు ఆపి కొంగు దులిపించాడు. పిచ్చుకలు అక్కడికీ వచ్చి వాలాయి.

నెల తిరిగింది. సేనాపతి గెలిచాడు. మర్నాడే నాగదత్త శెట్టి తానే వెళ్ళి పులి ముద్ర వేయించుకుని, ఏడు బండ్లు కట్టించుకుని పురిటి ఇంటికి వచ్చాడు.

“అవ్వా! నువ్వు తిరగక్కర్లేదు, నేనే తెచ్చా! ఏడు బండ్లు!”

ఇంట్లో ముగ్గురు తల్లులు, ఇద్దరు పిల్లలు ఉన్నారు. కొందరు ఎటో నడిచిపోయారు. కొందరికి ఆ నడక కూడా లేకపోయింది. ఉయ్యాలల కర్ర ఎప్పుడో పొయ్యిలోకి పోయింది.

కొండవ్వ బస్తాలో చెయ్యి పెట్టి చూసింది. “మంచి బియ్యం శెట్టీ. పాతబడ్డాయి, అన్నం ఒదుగుతుంది.”

శెట్టి గుమ్మంలో కూలబడ్డాడు. “కొట్టును కాపాడుతున్నాననుకున్నానవ్వా.”

“కాపాడావు నాయనా. గోడలకేమీ కాలేదు.”

అతను చాలాసేపు ఏడ్చాడు. ఆమె ఏడవలేదు, ఊరడించనూ లేదు. ఆఖరికి అంది: “ఒక్క బండి ఇక్కడ దింపు. తక్కినవి పడమటి సీమకు తోలు. అక్కడ నిన్న ఇంకొకడు కిరీటం పెట్టుకున్నాడట. అక్కడా ఒక పురిటి ఇల్లుంది.”

“అక్కడి రాజు ముద్ర...” అనబోయి శెట్టి అరచేత్తో నోరు నొక్కుకున్నాడు. లేచి, ముందు బండి తానే ఎక్కి పగ్గాలు పట్టాడు. ఆరు బండ్లూ పడమటికి కదిలాయి.

కొండవ్వ వాటిని చూడలేదు. లోపలికెళ్ళి ఎసరు పెట్టింది. ముగ్గురికి ఎన్ని నీళ్ళు పొయ్యాలో, పన్నెండుమందికి వండిన ఆమె చేతికి తెలియలేదు. పోసింది. ఒంపింది. మళ్ళీ పోసింది.

పిల్లలూ, రాజ్యం కుదుటపడ్డాక వచ్చే దానానికి గోడలే మిగులుతాయి. కల్లోలంలో నమ్మి పెట్టిన గుప్పెడే మనుషుల్ని మిగులుస్తుంది.