బాలింత దండ

ఇటు తిరిగి పడుకో అమ్మడూ. అన్నంలోకి ఎండుసొర పెడితే ముక్కు మూసుకున్నావు కదా, అందుకని ఇవాళ రాజుగారూ లేరు, ఏడు చేపలూ లేవు. సొరచేప కథే. ఊఁ కొడితే చెబుతాను, లేకపోతే నాకూ నిద్రొస్తోంది.

అనగనగా సముద్రానికి కూతవేటు దూరంలో ఒక పల్లె. ఆ పల్లెలో గంగులు అని ఒకడు పడవ మీద వేటకి వెళ్ళేవాడు. వాడికి ఎర్నమ్మ అనే పిల్లతో పెళ్ళయింది. ఎర్నమ్మది ఏటి ఒడ్డు ఊరు. వాళ్ళ నాన్న పొద్దున ఏట్లో వల వేస్తే మధ్యాహ్నానికి కూర ఉడికిపోయేది. చేపని ఎండబెట్టి దాచుకుంటారని ఆ పిల్లకి తెలియనే తెలియదు, పాపం.

సముద్రం పల్లెలో అలా కుదరదు కదా. ముసురు పట్టిందంటే సముద్రం ఎవరి మాటా వినదు. పడవలన్నీ ఒడ్డు మీదే ఉండిపోతాయి. అందుకని ఎండాకాలంలోనే సొరని చీల్చి, ఉప్పు పట్టించి, ఇసుక అంటకుండా దండేల మీద ఆరేస్తారు. పొద్దుటెండలో ఒక వైపు, మిట్టమధ్యాహ్నం ఇంకో వైపు తిప్పుతారు. మంచు పడకముందే ఇంట్లోకి తెచ్చేస్తారు. బుట్టెడు చేప ఎండితే చేటెడు కూడా అవదు. నీరు పోతుంది గానీ బలం ఎక్కడికీ పోదమ్మా, అంతా ఆ ముక్కలోనే ఉంటుంది.

అందులో పాలసొర అని ఒక రకం ఉంది. దాన్ని ఆ పల్లెలో ఎవరు పడితే వాళ్ళు తినరు. ముక్కల్ని తాటినారకి గుచ్చి, దండ కట్టి, పొయ్యి పైన వేలాడదీస్తారు. అదే బాలింత దండ. ఇంట్లో ఎవరు పురుడు పోసుకుంటే వాళ్ళకే అది. వెల్లుల్లి, మిరియాలు వేసి పొడుంలా వండి పెడితే తల్లికి సత్తువ వస్తుందని, పాలు పడతాయని వాళ్ళ నమ్మకం.

కొన్నాళ్ళకి ఎర్నమ్మ నీళ్ళోసుకుంది. గంగులు సంబరపడిపోయి ఒకటికి రెండు దండలు కట్టాడు. పొయ్యి పైన ఒకటి పెద్దది, ఇంకాస్త ఎత్తులో ఒకటి చిన్నది.

ఎర్నమ్మకి అసలే వేవిళ్ళు. ఆ వాసనకి కడుపులో తిప్పేసేది. మొగుడు వేటకి వెళ్ళినప్పుడు పెద్ద దండ తీసుకెళ్ళి పెరటి చూరుకి కట్టేసింది. గాలికి ఇంకా బాగా ఆరుతుందిలే అనుకుంది. చిన్నది చేతికి అందక వదిలేసింది, లేకపోతే దాన్నీ కట్టేసేదే.

అప్పుడు తొలకరి పడింది. చూరుకున్న దండ కాస్తా చెమ్మ పట్టి, బూజు పట్టి, పురుగు పట్టింది. పొయ్యి పైనే ఎందుకు కడతారో ఎర్నమ్మకి అప్పుడు తెలిసింది. పొగ తగులుతుంటేనే కదా ముసురులో చెమ్మ పట్టనిది. కూర్చుని ఏడ్చింది. గంగులు ఒక్క మాట అనలేదు. తెలియక చేసిన దానికి తిట్టి ఏం లాభం చెప్పు.

ఆ తర్వాత, ఎర్నమ్మకి నెలలు దగ్గరపడుతున్నప్పుడు, పెద్ద గాలివాన వచ్చింది. పక్కింటి కొర్లయ్య వాళ్ళ ఇంటి కప్పు ఎగిరిపోయింది. కప్పుతో పాటు వాళ్ళ దండా పోయింది. కొర్లయ్య పెళ్ళాం పైడితల్లి అప్పుడే ఆడపిల్లని కని ఉంది.

ఈ రెండిళ్ళకీ మాటల్లేవు తెలుసా. ఎప్పుడో సముద్రంలో ఇద్దరి వలలూ చిక్కుపడ్డాయట. నువ్వు కోశావంటే నువ్వు కోశావని మగాళ్ళు తగువాడుకున్నారు. వల కోసింది ఎవరో గానీ మూతులు ముడుచుకున్నది మాత్రం ఆడాళ్ళు. అదో వింత.

గాలి తగ్గింది గానీ ముసురు వదల్లేదు. పడవ కదిలే దారి లేదు. ఏ ఇంట్లో చూసినా గంజే. అప్పుడు గంగులు ఇంట్లో మిగిలిన ఆ చిన్న దండ మీద అందరి కళ్ళూ పడ్డాయి.

మొదట పిల్లి వచ్చింది. ఎర్నమ్మ చీపురు తిరగేసింది. పిల్లి పోయింది.

ఆ తర్వాత గంగులే వచ్చాడు. ఒక్క ముక్క, నాలిక్కి రాసుకుంటానన్నాడు. నీకేమైనా పురుడొచ్చిందా అని అడిగింది ఎర్నమ్మ. పోయి గంజి తాగాడు.

ఆ తర్వాత పక్కింటి ముసలమ్మ వచ్చింది. పైడితల్లి అత్త, పేరు అసిరమ్మ. పెంకు పట్టుకుని గుమ్మం బయటే నిలబడి నిప్పు అడిగింది. నిప్పుకి పగ ఏముంది, ఎర్నమ్మ రెండు కణికలు వేసింది. అయినా ముసలమ్మ కదల్లేదు.

"కోడలికి పాలు పడ్లేదు తల్లీ. గంజి తాగితే పాలెక్కడ్నించొత్తాయి. పొద్దున్నించీ పిల్ల ఏడవడం కూడా మానేసినాది" అంది.

అంతే అంది. దండ అడగలేదు. కన్నెత్తి దానివైపు చూడను కూడా లేదు, చూస్తే అడిగినట్టవుతుందని.

ఎర్నమ్మ కడుపు మీద చెయ్యేసుకుంది. ఇచ్చేస్తే రేపు నా బిడ్డకో అని భయపడింది. ఇవ్వకూడదనుకుంది. అప్పుడు గోడ అవతలి ఇంట్లో ఏ చప్పుడూ లేకపోవడం వినిపించింది. పోనీ సగం ఇద్దామనుకుంది. పీట ఎక్కి దండ దించి చూస్తే, అందులో సగం ఎవరికీ చాలదు. అప్పుడు దండంతా తీసి ముసలమ్మ కొంగులో పోసేసింది.

గంగులు వచ్చి చూసేసరికి పొయ్యి పైన ఖాళీ. "మరి నీకో?" అన్నాడు.

"నాకింకా నెలుంది కదా. నెల్లో సంద్రం సల్లబడదా ఏటి?" అంది ఎర్నమ్మ. పైకి ధైర్యంగానే అంది. లోపల భయం లోపలే ఉంది.

అసిరమ్మ ముక్కల్ని వేడినీళ్ళలో నానేసి, ఇసుకలాంటి ఆ తోలు రుద్ది తీసేసి, పొడుం వండి కోడలికి పెట్టింది. మొదటి రోజు పైడితల్లి లేచి కూర్చుంది. రెండో రోజు ముఖంలోకి రక్తం వచ్చింది. మూడో రోజు పాలు పడ్డాయి. పిల్ల కడుపు నిండి, గొంతు వచ్చి, గోడ దద్దరిల్లేలా ఏడ్చింది. ఇవతల ఎర్నమ్మ ఆ ఏడుపు విని నవ్వుకుంది.

కానీ సముద్రం చల్లబడలేదమ్మా. నెల తిరగకుండానే ఎర్నమ్మకి నొప్పులొచ్చాయి. మగపిల్లాడు పుట్టాడు, పిడికెడంత. వట్టి గంజి మీద ఉన్న ఒళ్ళు కదా, ఎర్నమ్మకి పాలు పడలేదు.

గంగులు ఆగలేకపోయాడు. చేపైనా తెస్తానని పడవని నీళ్ళలోకి తోశాడు. కెరటం వెనక్కి కొట్టింది. మళ్ళీ తోశాడు, మళ్ళీ కొట్టింది. మూడోసారి పడవ ముక్కు పగిలిపోయింది. ఇసుకలో కూలబడి పసివాడిలా ఏడ్చాడు.

అప్పుడు పైడితల్లి వచ్చింది. నెత్తిన తాటాకు గిడుగు, చంకలో కూతురు. గుమ్మం దగ్గర ఆగలేదు, ఎవర్నీ ఏమీ అడగలేదు. కూతుర్ని చాప మీద పడుకోబెట్టి, ఎర్నమ్మ పక్కనుంచి పిల్లాణ్ణి తీసుకుని పాలకి పెట్టుకుంది. మొదట వాడికి తెలియలేదు. ఆ తర్వాత గుటక వేశాడు. ఆ తర్వాత ఇంక వదల్లేదు.

ఎర్నమ్మ కళ్ళ వెంట నీళ్ళు ధారకట్టాయి.

"ఏడవకు ఒదినా. నువ్విచ్చిన సొరే ఇది. నా ఒంట్లో పాలయినాది, అంతే" అంది పైడితల్లి.

ముసురు విడిచేదాకా ఆ తల్లి ఇద్దరికీ పాలిచ్చింది. ఎండ మొహం చూడగానే కొర్లయ్య పడవని కొర్లయ్య ఒక వైపు, గంగులు ఒక వైపు పట్టి తోశారు. తెచ్చిన చేప ముందు ఎర్నమ్మకే వండారు. తిన్నది ఒంటికి పట్టి, ఆలస్యంగానైనా ఆమెకీ పాలు పడ్డాయి. అయినా పిల్లాడు పొద్దున ఒక గుమ్మంలోకి, సాయంత్రం ఇంకో గుమ్మంలోకి పాకుతూ ఇద్దరమ్మల దగ్గరా తాగాడు, గడుగ్గాయి.

ఆ తర్వాతి ఎండాకాలం నుంచి ఆ పల్లెలో ఏ ఇంట్లో చూసినా పొయ్యి పైన రెండు దండలు. ఒకటి ఆ ఇంటి బాలింతకి. రెండోది ఏ ఇంటి బాలింతకి కావాలో ఆమెకి. అడగడానికి ఎవరూ రానక్కర్లేదు, వీళ్ళే పట్టుకెళ్ళి ఇస్తారు.

కళ్ళు మూసుకో ఇంక.

పడవ సంద్రానికి, పాలు పాపడికి,
దండ పొయ్యికి, పొగ దండకి,
కథ కంచికి, కూర కంచానికి,
కునుకేమో నా అమ్మడి కంటికి.