కిటికీ పక్క రుమాలు

భద్రయ్యగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన వెంటనే జవాబు చెప్పేవారు కాదు. హార్మోనియం ముందుకు లాక్కుని, ఒక్క మెట్టు మీద వేలు పెట్టి శ్రుతి మోగిస్తూ ఊరుకునేవారు. ఆ శ్రుతి గదంతా నిండి ఉండగా, అడిగినవాడు తన ప్రశ్నను మళ్ళీ మొదటినుంచీ చెప్పుకోవాలి. చాలామంది సగంలోనే "పోన్లెండి గురువుగారూ, అంత పెద్ద విషయమేం కాదు" అని లేచిపోయేవారు. నిలబడ్డవాళ్ళకైనా జవాబు దొరికేదా అంటే అదీ లేదు, ఏదో ఒక పని పురమాయించి పంపేవారు. యాభై ఏళ్ళుగా తెనాలిలో పద్యం పాడటం నేర్పుతున్న మనిషి. ఆయన నోట నేరుగా జవాబు విన్న శిష్యుడు ఇంకా పుట్టలేదని ఊళ్ళో వేళాకోళం ఆడేవారు.

ఒక ఆదివారం పొద్దున చంద్రమౌళి రెండు కాగితాలు పట్టుకుని ఆయన దగ్గరకు వచ్చాడు. చంద్రమౌళికి నలభై దాటాయి. బెజవాడలో ఒక బీమా ఆఫీసులో ఉద్యోగం. పదేళ్ళుగా పొద్దున్నే రైలెక్కి, సాయంత్రం రైలు దిగే సీజన్ పాసు మనిషి. ఆ పదేళ్ళుగానే భద్రయ్యగారి శిష్యుడు కూడా. ఇన్నాళ్ళకు అతనికి రాజు వేషం దక్కింది, అదీ గురువుగారు స్వయంగా రాసిన నాటకంలో. ప్రదర్శన నెలన్నరలోకి వచ్చేసింది. రెండో అంకం చివర ఒక పద్యం ఉంది. దాని నాలుగో పాదం చివర రాగం తీస్తూ ఒక్క ఊపిరిలో పైకి వెళ్ళి దిగాలి. సరిగ్గా అక్కడే చంద్రమౌళి గొంతు విరిగేది. "రోజుకో గంట సాధన చేస్తే కుదురుతుంది. కుదరకపోతే వేషం ఇంకొకళ్ళకిస్తాను, ఏమీ అనుకోకు" అని గురువుగారు ముందే చెప్పేశారు. ఆ గంట ఎక్కణ్ణుంచి తేవాలన్నదే చంద్రమౌళి బెంగ. పదేళ్ళ కోరిక చేతిదాకా వచ్చి జారిపోతుందేమోనని అతనికి అన్నం కూడా సయించడం లేదు.

ఆ గంట కోసమే కాగితాల మీద లెక్క వేశాడు. ఒక కాగితం కారుది, ఇంకో కాగితం రైలుది. కారు కాగితంలో పెట్రోలు, టైర్ల అరుగుదల, పార్కింగు మొదలుకొని అద్దాలు తుడిచే గుడ్డదాకా రాశాడు. బీమా ఆఫీసు మనిషి కదా, అతని కంటపడకుండా ఏదీ పోదు. రైలు కాగితంలో పాసు, షేర్ ఆటో, ప్లాట్‌ఫారం మీద టీ. తరవాత రెండిట్లోనూ దారిలో పోయే కాలాన్ని గంటలుగా కట్టి, గంటకు తన జీతం లెక్కన రూపాయలు వేశాడు. కారులో వెళితే రోజుకు ఒక గంట మిగులుతోంది, అయినా నెలకు నాలుగు వేలు ఎక్కువే అవుతోంది. రైల్లో గడిచే కాలానికి 'వృథా' అని పేరు పెట్టి, దాని కింద ఎర్ర సిరాతో గీత కూడా గీశాడు.

భద్రయ్యగారు శ్రుతి పట్టారు. చంద్రమౌళి గొంతు సవరించుకున్నాడు.

"గురువుగారూ, మా బావమరిది తన కారు అమ్మేస్తానంటున్నాడు. నాకైతే చవగ్గా ఇస్తాడు. లెక్కలో నాలుగు వేలు తేడా వస్తోంది. కానీ మిగిలే గంట సాధనకు పోతుంది కాబట్టి దానికీ ఒక రేటు కట్టాలి గదా. సాధనకు గంటకు ఎంత వెయ్యమంటారు?"

పక్క గదిలో బీరకాయలు చెక్కు తీస్తున్న గురుపత్ని ఫక్కున నవ్వింది. భద్రయ్యగారు మాత్రం నవ్వలేదు. కాగితాలు రెండూ తిరగేసి మరగేసి చూసి అతని చేతికిచ్చారు.

"మీ బావమరిది కారు రెండు వారాలు అడిగి తెచ్చుకో. నడిపి చూడు. రేటు సంగతి తరవాత" అన్నారు.

ఆ రెండు వారాలూ చంద్రమౌళికి దర్జాగా గడిచాయి. చొక్కా నలగలేదు, చెమట పట్టలేదు. వాన పడిన రోజున గొడుగులు పట్టుకుని ఆటో కోసం నిలబడ్డవాళ్ళను అద్దాల్లోంచి చూసి 'పాపం' అనుకున్నాడు. మొన్నటిదాకా తానూ అక్కడే నిలబడ్డానన్నది గుర్తుకు రాలేదు. సుఖం అంత తొందరగా అలవాటవుతుంది మనిషికి. అత్తగారిని కళ్ళ డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళి, పెళ్ళయిన పన్నెండేళ్ళకు ఆవిడ నోట మొదటిసారి మెప్పు పొందాడు. అది నిజంగా మంచి మాటే, కాదనడానికి లేదు. అయితే ఆ మర్నాటి నుంచి వీధి వీధంతా "కారుంది కదా" అనడం మొదలుపెట్టింది. గ్యాసు బండకు కారుంది కదా, పెళ్ళిచూపులకు కారుంది కదా. మిగిలిన గంట కాస్తా ఊరివాళ్ళ పాలైంది.

పోతే పోనీ అని చంద్రమౌళి సాధన కారులోనే పెట్టుకున్నాడు. అద్దాలెత్తి, ఏసీ వేసి, దుగ్గిరాల దాటగానే పద్యం ఎత్తుకునేవాడు. గొంతు ఖంగుమనేది. నాలుగో పాదం చివర రాగం పైకి వెళ్ళి, బుద్ధిమంతురాలైన కోడలిలా దిగి వచ్చి కూర్చునేది. రెండో వారం గడిచేసరికి వేషం ఇక తనదేనన్న ధీమా వచ్చేసింది. ఆకలీ తిరిగి వచ్చింది.

పదిహేనో రోజు ఆదివారం. గురువుగారి ఎదుట కూర్చుని పద్యం పాడాడు. అయిపోయాక భద్రయ్యగారు కళ్ళు తెరిచారు.

"అక్కడే విరిగింది."

"లేదండీ, బాగానే వచ్చిందే! కారులో కూడా రోజూ..."

"ఇదివరకు విరిగితే నీకు తెలిసేది. ఇప్పుడు తెలియడం లేదు. అద్దాలెత్తితే ఎవరి గొంతు వాళ్ళకు బాగానే ఉంటుందయ్యా."

చంద్రమౌళి మొహం మాడిపోయింది. వేషం పోయినట్టేననుకున్నాడు. భద్రయ్యగారు అతని మొహం చూడనట్టే హార్మోనియం మూత వేశారు. "దీనిలో ఒక మెట్టు మూగబోయింది, బెజవాడలో చూపించాలి. రేపు నీతో వస్తాను. రైల్లో పోదాం" అన్నారు.

"కారుంది కదండీ" అన్నాడు చంద్రమౌళి, నోరు జారి.

"ఉంటే ఉండనీ" అన్నారాయన.

సోమవారం పొద్దున హార్మోనియం పెట్టె చంద్రమౌళి భుజాన ఉంది. భద్రయ్యగారికి డెబ్భై ఆరేళ్ళు, ప్లాట్‌ఫారం మీద నిదానంగా నడిచారు. చంద్రమౌళి ఎప్పుడూ ఎక్కే బోగీ చేరేసరికి దిగేవాళ్ళందరూ దిగిపోయారు, బండి కదలబోతోంది. లోపల కాలు పెట్టడానికి సందు లేదు. అంత రద్దీలోనూ కిటికీ పక్కన, పదేళ్ళుగా చంద్రమౌళి కూర్చునే చోటు మాత్రం ఖాళీగా ఉంది. దాని మీద నీలం గళ్ళ రుమాలు పరిచి ఉంది. రిజిస్ట్రేషన్ అయిన పొలంలోకైనా గట్టు జరుపుకుని వచ్చేస్తారు గాని, రుమాలు వేసిన సీటు జోలికి మనవాళ్ళు పోరు.

"ఎవరో పట్టుకున్నారండీ. ముందుకు పోదాం" అన్నాడు చంద్రమౌళి.

"యాడికి పోతావ్ బాబూ? అది నీదే, కూచో" అంది ఎదుటి సీటులోని కోటేశ్వరమ్మ. ఆవిడ రోజూ నిడుబ్రోలులో ఎక్కి బెజవాడలో పూలమ్ముకుంటుంది. ఒళ్ళో మల్లెమొగ్గల బుట్ట, చేతుల్లో దారం. "పదిహేను రోజులాయె, కనపడలా. ఒంట్లో బాగలేదేమోననుకున్నాం."

"నాదా? ఈ రుమాలు నాది కాదమ్మా."

"నీదని ఎవరన్నారు? సీటు నీది. రుమాలు ఆయనది. మాతోపాటే నిడుబ్రోల్లో ఎక్కి ఈ సీట్లో కూచుంటాడు, తెనాల్లో దిగుతాడు. రోజూ నువ్వు లోపలికి వచ్చిందాకా లేవకుండా ఉండి, నువ్వు రాగానే లేచి పోయేవోడు గదా? నువ్వు రాకపోయేసరికి రుమాలేసి దిగుతున్నాడు. బండి కదిలిందాకా నేను ఎవర్నీ కూచోనియ్యను. కదిలాక రుమాలు తీసి దాచి, తెల్లారి ఆయన చేతిలో పెడతన్నా."

"ఎవరాయన? పేరేంటి?"

"పేరెప్పుడూ అడగలా బాబూ. మంచీ చెడ్డా మాట్లాడుకుంటాం, అంతే."

చంద్రమౌళి రుమాలు చేతిలోకి తీసుకుని కూర్చున్నాడు. తాను ఎక్కేసరికి కిటికీ పక్క సీటు ఖాళీ అవడం తన జాతకబలం అని ఇంట్లో ఎన్నోసార్లు గొప్పగా చెప్పుకున్నాడు. ఆ లేచిపోయే మనిషి మొహం గుర్తు తెచ్చుకోబోయాడు, రాలేదు. మనిషి పొడుగో పొట్టో కూడా గుర్తు రాలేదు. అతనికి సిగ్గేసింది.

ఎవరో లేచి భద్రయ్యగారికి చోటిచ్చారు. ఆయన కూర్చుని, ఒళ్ళో హార్మోనియం తెరిచి, పలికే మెట్టు చూసుకుని శ్రుతి పట్టారు. "ఊఁ, పాడు" అన్నారు.

"ఇక్కడాండీ? ఇంతమందిలోనా?"

"రోజూ పాడతాడుగా!" అంది కోటేశ్వరమ్మ. "గొంతులో గొంతుగా పాడతాడు, మాకు వినపడదనుకుంటాడు." చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అందరికీ తెలిసిన సంగతిలాగే ఉంది.

బండి దుగ్గిరాల దాటింది. చంద్రమౌళి పద్యం అందుకున్నాడు. కళ్ళు ఎక్కడ నిలపాలో తెలియక, ఎప్పటి అలవాటు చొప్పున, పూలు కడుతున్న కోటేశ్వరమ్మ వేళ్ళ మీద నిలిపాడు. మొగ్గ పెట్టడం, దారం తిప్పడం, ముడి బిగించడం. వేళ్ళు తాళం తప్పకుండా నడుస్తున్నాయి. మూడు పాదాలు సాగాయి. నాలుగో పాదం చివర రాగం పైకి వెళ్ళింది. కోటేశ్వరమ్మ తల ఎత్తలేదు, కాని ఆవిడ వేళ్ళు టక్కున ఆగాయి.

విరిగిందని అతనికి తెలిసింది. ఇన్నేళ్ళుగా గొంతు ఎక్కడ విరిగినా తనకు తెలుస్తూ వచ్చింది ఎలాగో కూడా అప్పుడే తెలిసింది. మళ్ళీ నాలుగో పాదం ఎత్తుకున్నాడు. ఈసారి ఊపిరి ఒక మాట ముందే తీశాడు. వేళ్ళు నిదానించాయి గాని ఆగలేదు. పెదవడ్లపూడి దాటాక మూడోసారి పాడాడు. రాగం పైకి వెళ్ళింది, నిలిచింది, దిగింది. వేళ్ళు ముడి మీద ముడి వేసుకుంటూ పోయాయి. తలుపు దగ్గర నిలబడ్డవాడెవడో "ఆఁ! అదీ!" అన్నాడు. అంతలో కృష్ణ వంతెన వచ్చింది. ఆ చప్పుడులో ఎవరి మాట ఎవరికీ వినపడదు. చంద్రమౌళికి కళ్ళ నీళ్ళు తిరిగాయి. వేషం నిలిచిందన్న సంతోషం ఉంది, దాన్ని మించిన సంతోషం ఇంకేదో కూడా ఉంది. నీటి వైపు చూస్తూ చాలాసేపు నవ్వుతూనే ఉన్నాడు.

బెజవాడలో దిగేటప్పుడు కోటేశ్వరమ్మ మూరెడు పూలు తెంపి "అమ్మగారికి" అని భద్రయ్యగారి చేతిలో పెట్టింది. తరవాత చంద్రమౌళి వైపు చెయ్యి చాపింది. "రుమాలు ఇటియ్యి బాబూ, రేపు ఆయనకిస్తా."

"ఉండమ్మా, అతని దగ్గరే ఉండనీ" అన్నారు భద్రయ్యగారు.

ప్లాట్‌ఫారం మీద జనం పలచబడ్డారు. చంద్రమౌళి చొక్కా జేబులో ఆ రెండు కాగితాలూ మడత పెట్టి ఇంకా అలాగే ఉన్నాయి. పెట్టె భుజం మార్చుకుని అడిగాడు.

"అయితే కారు వద్దంటారా గురువుగారూ?"

"వద్దని నేనెప్పుడన్నాను? ప్రదర్శన రోజున హార్మోనియం, తబలా, నీ కిరీటం నెత్తిన పెట్టుకుని పోతామా? మీ బావమరిదిని అడుగు."

నాలుగడుగులు వేశాక ఆయన ఆగారు. అతని చేతిలో నలిగిపోతున్న నీలం గళ్ళ రుమాలు వైపు చూశారు.

"ముందు దాన్ని ఉతుకు. రేపు కొంచెం పెందలాడే ప్లాట్‌ఫారం మీదకు వచ్చి, అది ఎవరిదో ఆయన చేతికే ఇవ్వు. పేరడుగు. ఆ తరవాత కాగితాలు తీసుకుని రా, లెక్క చూద్దాం."