చల్లూపిరి గుణింతం

ఒకప్పుడు, గుర్రాలకి జీనులూ కళ్ళేలూ ఇంకా తెలియని కాలంలో, చల్లూపిరి అనే గుర్రాల జబ్బుకి ఒకటే ముఖం, ఒకటే పేరు.

ముఖం అంటున్నాను గానీ దాన్ని చూసినవాళ్ళు లేరు. పొద్దున్నే ఏటి ఒడ్డున మంచు కమ్ముతుంది కదా. ఆ మంచులో ఒక్కచోట మాత్రం గడ్డి వంగుతూ వంగుతూ వచ్చేది. గుర్రాల మంద అంచున ఆగేది. తడిసిన బూడిద వాసన వేసేది.

"నేను చల్లూపిరిని. లోపలికి రానా?" అని అడిగేది.

పేరు చెప్పకుండా ఏ ముక్కులోకీ దూరకూడదని దానికొక కట్టుబాటు. ఒకసారి దాన్ని ఎరిగిన గుర్రమైతే ఫుర్ర్‌మని ముక్కు చీది, "నువ్వా! నువ్వెవరో నాకు తెలుసు. పో" అనేది. తెలుసు అన్న మాట వింటే అది నిలవలేదు. గడ్డి వంచుకుంటూ వెనక్కి పోయేది.

ఎరగని గుర్రం పాపం, "రా" అనేది.

జీలుగు అట్లాగే అంది. జీలుగు కొండ అవతలి నుంచి కొత్తగా మందలో కలిసిన ఎర్రగుర్రం. అప్పుడు దాని కడుపులో పిల్ల ఉంది. చల్లూపిరి లోపలికి వెళ్ళి, పిల్ల చెవి దగ్గర నోరు పెట్టి, అచ్చం జీలుగు గొంతుతో పిలిచింది.

"బుజ్జీ, పొద్దెక్కింది. బయటికి రా."

అమ్మే పిలిచిందనుకుని పిల్ల వేళ కాకముందే వచ్చేసింది. బుల్లి గిట్టలున్నాయి. కనురెప్పలకి వెంట్రుకలున్నాయి. ఊపిరొక్కటే లేదు.

జీలుగు దాన్ని నాకుతూ, నాకుతూ, పొద్దుగూకేదాకా అక్కడే నిలబడింది.

మళ్ళీ కడుపు పండింది. మందలో పెద్దది గవ్వ అనే బూడిదరంగు గుర్రం. అందరికీ అవ్వ. "ఇంకేం భయమే పిల్లా? దాని వాసన నీకు తెలిసిపోయిందిగా" అని మూతికి మూతి ఆనించి ఊపిరి ఊదింది. గుర్రాల ముద్దు అంటే అదే.

అయినా జీలుగు మనసు నిలవలేదు. ఏటి ఒడ్డున గడ్డి కోసుకునే తిప్పమ్మ దగ్గరికి వెళ్ళింది. తోడుగా గవ్వ కూడా వచ్చింది.

తిప్పమ్మ కొడవలి పక్కన పెట్టింది. "నా పెద్దబిడ్డకి బంగారమ్మని పేరు పెట్టుకున్నా జీలుగమ్మా. నిలవలా. రెండోదాన్ని ముత్యాలన్నా. అదీ నిలవలా. ఇదిగో, దీన్ని పెంటకుప్ప మీద పొర్లించి పెంటమ్మ అన్నా. చావు వచ్చింది, పేరు విన్నది, ఛీ ఈ పెంట నాకెందుకని మూతి తిప్పుకుని పోయింది. చూడు, దుక్కలా ఎట్లా ఉందో!"

గడ్డిమోపు మీద కూర్చున్న పెంటమ్మ మూతి ముడిచింది. "ఇంకా ఎవరికైనా చెప్పాలా అమ్మా? ఏట్లో చేపలకొక్కటే చెప్పలా నువ్వు."

"మరి నా పిల్లకేం పేరు పెట్టను?" అంది జీలుగు.

"పేడ అని పెట్టు."

గవ్వ పడీపడీ సకిలించింది. "పేడా, గడ్డి తిందువు రావే అని పిలవాలా నేను? బాగుంది!"

"నవ్వుకో అవ్వా. బతికితే చాలు" అంది తిప్పమ్మ. పేరు చెవిలో చెప్పాలి. పిల్ల చెవి లోపలెక్కడో ఉంది. అందుకని తిప్పమ్మే జీలుగు కడుపుకి నోరు ఆనించి, గొంతు చించుకుని అరిచింది. "పేడా! పేడా! పేడా!"

అక్కడే తప్పు జరిగింది. మంచు ఇంకా విడలేదు. వాళ్ళ వెనక గడ్డి వంగి ఉంది. ఎవరూ చూడలేదు.

'ఓహో' అనుకుంది చల్లూపిరి. 'పేరు మారిస్తే ఆనవాలు దొరకదా? ఈ ఉపాయం నాకు తోచనే లేదే!'

మంచులోకి వెళ్ళి తన పేరు తీసి చూసుకుంది. మొదటి అక్షరానికి తలకట్టు తీసేసింది. ఎత్వం తగిలించుకుంది. అంతే. ఒక్క గీత.

మర్నాడు మంద అంచున గడ్డి వంగింది.

"నేను చెల్లూపిరిని. లోపలికి రానా?"

గవ్వ ముక్కు చాచింది. బూడిద వాసనే, కానీ ఎక్కడో చిన్న తేడా. "ఎవరో తెలియదే. చలిలో వచ్చావు, రా తల్లీ" అంది.

రెండు రోజులకి, గవ్వ మూతి ఆనించి ఊపిరి ఊదిన మొల్ల అనే తెల్లగుర్రం కడుపులోని పిల్ల వేళ కాకుండా గడ్డి మీద పడింది. అప్పుడు గుర్రాలు చెల్లూపిరిని ఎరిగాయి, తరిమాయి. అది గుడి పెట్టుకుని చిల్లూపిరై వచ్చింది. కొమ్ము పెట్టుకుని చుల్లూపిరై వచ్చింది. ఒక గుణింతానికి మందంతా ఉత్త దగ్గే దగ్గింది. ఒక గుణింతానికి ఒక పోతుగుర్రం వెనక కాళ్ళు పడిపోయాయి.

తరిమినా అది పూర్తిగా పోలేదు. గవ్వ దవడ వెనక ముడుచుకుని నిద్రపోయింది. గవ్వకే తెలియదు.

జీలుగుకి నెలలు నిండబోతుండగా తోడేళ్ళు వెంటపడ్డాయి. మంద పరిగెత్తి పరిగెత్తి అలిసిపోయింది. ఆ అలసటలో గవ్వ దవడ వెనక అది కళ్ళు తెరిచింది.

పొద్దున్నే గవ్వ దగ్గుతూ వచ్చింది. "జీలుగూ, మూతి ఇటు పెట్టవే."

జీలుగు మూతి చాచబోయి ఆగింది. అవ్వ ఊపిరి చల్లగా ఉంది. అవ్వ పెదాలు కదలడం లేదు, గొంతు మాత్రం వస్తోంది.

"పేడ బాగుందా?"

జీలుగు వెనక్కి తగ్గింది. గవ్వ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఈసారి సొంత గొంతుతో, "నాలో ఎవరో ఉన్నారే పిల్లా. పో. నన్ను దగ్గరికి రానివ్వకు" అంది.

జీలుగు ఏరు దాటింది. ఒంటరిగా నిలబడింది. పేరు దానికి తెలిసిపోయింది, మేమే అరిచి చెప్పాం, అనుకుంది. అప్పుడు నోరు గట్టిగా మూసుకుంది. పెదాలు కదపకుండా, గొంతు అడుగున, కడుపుకి మాత్రమే వినపడేటట్టు అంది: "నీ పేరు పేడ కాదు. నీ పేరు ఇది. ఇట్లా పిలిస్తేనే పలుకు."

అవతలి ఒడ్డు నుంచి అచ్చం జీలుగు గొంతే వినిపించింది.

"పేడా, పొద్దెక్కింది. బయటికి రా."

కడుపులో పిల్ల కదిలింది. ఒక కాలు చాచింది.

"పేడా... అమ్మనే... రా."

చాచిన కాలు మెల్లగా ముడుచుకుంది.

వేళైనాక పిల్ల పుట్టింది. తుమ్మింది. లేచి నిలబడింది. పెంటమ్మ పరిగెత్తుకొచ్చి, "అసలు పేరేంటి జీలుగూ? నా పేరు చేపలక్కూడా తెలుసు, దీని పేరు నాకొక్కదానికి చెప్పు" అని ఎంత బతిమాలినా జీలుగు చెప్పలేదు. అవతలి ఒడ్డున గవ్వ మేస్తూ తలెత్తి చూసింది. ఆ రెండు మూతులూ మళ్ళీ కలవలేదు.

అప్పటినుంచే చల్లూపిరి ఒక్కోచోట ఒక్కో గుణింతంతో తిరుగుతోంది. గీత మారుస్తుంది, గుర్రం ముక్కు తడబడుతుంది. మందులిచ్చేవాళ్ళు ఈనాటికీ ఆ గీతలు కూడబలుక్కుంటూనే ఉన్నారు. అప్పటినుంచే ఈనబోయే గుర్రం మందకి దూరంగా జరుగుతుంది. ఈనాక నోరు తెరవకుండా, గొంతు అడుగున ఏదో అంటుంది. మీరు పక్కనే నిలబడినా అదేమిటో తెలియదు. పిల్లకి మాత్రం తెలుస్తుంది. చెవులు నిక్కిస్తుంది.