సాంబయ్య తిట్టిన బెజవాడ

బెజవాడ కాలవ గట్టు దిగువన చాకిరేవు పక్కనే ఒక రేకుల పంచ. అందులో సాంబయ్య అనే గాడిద కాపురం. తిరువూరు నుంచి వచ్చి తొమ్మిదేళ్లయినా, రోజూ మూటలు దించగానే ఈ ఊరిని నాలుగు తిట్లు తిడితే గాని అతనికి మేత దిగేది కాదు.

"ఇదీ ఒక ఊరేనా? పొద్దున్నే పెనం మీద కూర్చున్నట్టుంటది. మా తిరువూరు గాలే గాలి."

"అంతేలే అన్నయ్యా," అనేది రేవులోనే పుట్టి పెరిగిన కాకి సుబ్బులు.

ఆ పంచ మీద కొండపల్లి అడవి నక్క ఒకటి కన్నేసింది. పక్కనే చేపల కొట్టు మరి, కూర్చున్నచోటికే తలకాయలొచ్చి పడతాయి. సాంబయ్యను గెంటేద్దామంటే అతని వెనక కాళ్ల సంగతి ఊరంతా తెలుసు. అందుకని నోటినే నమ్ముకుంది.

"ఎన్నాళ్లు బాబాయ్ ఈ పరాయి ఊళ్లో? హాయిగా తిరువూరు పో. నీ పంచ నే చూసుకుంటాలే."

తొమ్మిదేళ్లుగా తాను అంటున్నదే కదా. సాంబయ్య "పోతాలే అబ్బాయ్," అని గట్టెక్కాడు. సుబ్బులుకు ఏడుపొచ్చింది. నక్కకు రొట్టె విరిగి నేతిలో పడ్డట్టయింది.

గట్టు మీద సాంబయ్య ఆగి, రేవు వంక చూశాడు. ఎక్కడ మనసు మార్చుకుంటాడోనని వెంట వచ్చిన నక్క తొందరపడింది.

"ఏం చూస్తావ్ బాబాయ్? మాడిపోయే ఎండ."

"ఆ ఎండుండబట్టే దుప్పటి ఒక కొస పిండేలోపు రెండో కొస ఆరిపోద్ది. మీ కొండపల్లిలో ఆరిద్దా?"

"పోనీ ఈ కాలవ? అంతా మురుగే."

"ఈ నీళ్లతోనే సగం బెజవాడ తెల్లచొక్కాలు తొడుక్కునేది."

నక్క అక్కడితో ఆగినా బాగుండేది. "ఏమైనా బెజవాడోళ్లకు నోరెక్కువ, బుద్ధి తక్కువ బాబాయ్," అంది.

"ఎవరికిరా తక్కువ? మాకా?"

ఆ మాట తన నోట ఎలా వచ్చిందో సాంబయ్యకే తెలియలేదు. కాళ్లు మాత్రం ఆలోచించలేదు. ఒక్క తాపుకు నక్క వెళ్లి కాలవలో పడింది.

"రోజూ తిట్టేది నువ్వే కదా బాబాయ్," అని నీళ్లు మింగుతూ మొత్తుకుంది.

"మా ఊరు, మేం తిట్టుకుంటాం. మధ్యలో నువ్వెవడివి?"

నక్క అవతలి గట్టెక్కి తోక పిండుకుంటూ కొండపల్లి దారి పట్టింది. సాంబయ్య మెట్లు దిగి వచ్చి, పంచలో మేత ముందు నిలబడ్డాడు. తిట్టందే మేత దిగదాయె, తిడదామంటే నోరు రాదాయె. సుబ్బులు నవ్వలేక చచ్చింది.

నీతి: మనం తిట్టుకునే ఊరిని పరాయివాడు తిడితే ఒళ్లు మండిందంటే, అది మన ఊరైపోయినట్టే.