చుక్కమ్మ గొంతుతో పడిన ఓటు

ఎర్రకొండ అడవిలో వేసవి చివరిదాకా నీళ్ళు నిలిచేది ఒక్క నల్లమడుగులోనే. మడుగు ఎవరి కాపలాలో ఉంటే ఆ ఏడు అడవి ప్రాణాలు వాళ్ళ చేతిలో ఉన్నట్టే. అందుకని చలి తగ్గగానే జంతువులన్నీ బోడిబండ దగ్గర చేరి కాపలాదారును ఎన్నుకునేవి. పద్ధతి కాస్త మోటుది. బండ మీద పోటీలో ఉన్నవారికి తలా ఒక గుంట. ప్రతి జంతువూ ఒక కానుగ గింజ నోట కరుచుకొచ్చి తనకు నచ్చినవారి గుంటలో వదలాలి. కానుగ చేదు గనక దారిలో ఎవరూ మింగరు. గింజలు తాబేలు లెక్కపెట్టేది. అనుమానం ఉన్నవాళ్ళు కూర్చుని మళ్ళీ లెక్కపెట్టుకునేవాళ్ళు. ఐదేళ్ళుగా అడవిదున్నే గెలుస్తోంది. ఓడిన తోడేలు ఐదేళ్ళుగా పళ్ళు నూరుతోంది.

దుప్పి చుక్కమ్మకు బోడిబండ దాకా నడవడమంటే రెండు పగళ్ళ పని. వేటగాళ్ళ ఉచ్చులో పడి విరిగిన వెనక కాలు వంకరగా అతుక్కుంది. కిందటేడు సగం దారిలో కూలబడి, ఓటు వేయకుండానే తిరిగొచ్చింది. ఆ వేసవిలోనే ఈడొచ్చిన కూతురు చివురును మడుగు దారిలో తోడేళ్ళు పట్టుకున్నాయి. దున్న కాపలా మడుగు ఒడ్డుకే గానీ దారికి లేదు. చుక్కమ్మ వెళ్ళేసరికి ఎముకలు కూడా మిగల్లేదు.

ఈ ఏడు ఎన్నిక దగ్గర పడుతుండగా నక్క ఆమె పొదల దగ్గరికి వచ్చింది. దూరంగా ఆగి, తల వంచి మరీ పలకరించింది.

“కాలెలా ఉంది వదినా?”

“ఎలా ఉంటుంది? నేల మీద ఆననంటోంది.”

“కిందటేడు నీ ఓటు పడలేదని తెలిసి నాకు ముద్ద దిగలేదు. కాళ్ళున్నవాళ్ళదేనా అడవి? కుంటివాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లల తల్లులు ఏమైపోవాలి?”

ఏడాదిగా చుక్కమ్మ గుండెలో నలుగుతున్న మాటే అది.

నక్క చెప్పిన ఉపాయం ఇది. ఎవరూ ఎక్కడికీ నడవక్కర్లేదు. నక్క ఇచ్చిన పేర్ల జాబితా ప్రకారం గోరువంక ప్రతి పొదకూ వచ్చి ఓటు చెవిన వేసుకుంటుంది. ఎన్నిక నాడు బోడిబండ మీద వాలి ఎవరి మాటను వాళ్ళ గొంతుతోనే పలుకుతుంది. గోరువంకకు వినపడిన ఏ గొంతైనా పట్టుబడుతుందని అడవికంతా తెలుసు.

“ఎవరి గొంతు వాళ్ళకు గుర్తు. ఇందులో మోసానికి చోటెక్కడ?” అంది నక్క.

ఈ ఉపాయం మీద సభ చుక్కమ్మ పొదల దగ్గరే జరిగింది. కొందరు గొణిగారు. తాబేలు మాత్రం మెడ బయటపెట్టి అడిగింది.

“గింజ పడితే గుంటలో ఉంటుంది. మాట పలికాక గాలిలో కలిసిపోతుంది. రేపు తేడా వస్తే దేన్ని లెక్కపెడతాం?”

నక్క చుక్కమ్మ వైపు చూసింది. చుక్కమ్మే లేచింది.

“లెక్కపెట్టే పని పోతుందని నీ బాధ తాబేలు బావా. నడవలేనిదాని బాధ నీకేం తెలుస్తుంది? నాకూ ఓటుంది. అది నా పొదలోంచే వేస్తాను.”

కుంటి దుప్పి కన్నీళ్ళకు ఎదురు చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. ఉపాయం ఖాయమైంది.

మూడో రోజు గోరువంక వచ్చింది. చుక్కమ్మ నెమ్మదిగా, స్పష్టంగా చెప్పింది. “నా ఓటు దున్నకే.” గోరువంక రెక్కలు సర్దుకుంది. ఆమె ముఖం చూడకుండానే ఎగిరిపోయింది.

మర్నాడు పక్క బొరియలోని కుందేలు వచ్చి కూర్చుంది. ఆరుగురు పిల్లల తల్లి. ఉన్నదున్నట్టు మాట్లాడే రకం.

“వదినా, నీ దగ్గరికి గోరువంక వచ్చిందా?”

“వచ్చింది. నీ దగ్గరికి రాలేదా?”

“రాలేదు. నక్కనడిగితే, నీ ఓటు ఎప్పుడో చేరింది, ఇంటికెళ్ళు అంది. నేను చెప్పని మాట ఎలా చేరుతుంది?”

చుక్కమ్మ మేత మానేసింది. “పద, బోడిబండ దగ్గరే తేల్చుకుందాం” అంది.

దారిలో పడిన బాధంతా చెప్పుకుంటే చాలా ఉంది. ఎన్నిక నాటి పొద్దున ఇద్దరూ బోడిబండ చేరేసరికి చుక్కమ్మ కాలు కట్టెలా బిగుసుకుపోయింది. బండ కింద వచ్చినవాళ్ళు పాతికమంది కూడా లేరు. ఇంటి నుంచే ఓటు వేశామన్న ధీమాతో మిగతావాళ్ళు రాలేదు. తోడేలు బంధుబలగం మాత్రం నాలుగు వైపులా కూర్చుని ఉంది. గోరువంక పలుకుతోంది. ఒక్కో గొంతూ అచ్చు దించినట్టుంది. ఉన్నట్టుండి చుక్కమ్మకు తన గొంతే వినబడింది.

“కాలు నొప్పి, రాలేకపోతున్నాను. నా ఓటు తోడేలుకే.”

“అది నా మాట కాదు,” అంటూ చుక్కమ్మ ముందుకొచ్చింది. “నేనిక్కడున్నాను. నేను దున్నకని చెప్పాను.”

నక్క ఆమెను ఎగాదిగా చూసింది. “చుక్కమ్మ ఓటు పడిపోయింది. రాలేనని తనే చెప్పింది, అందరూ విన్నారు. ఇప్పుడు వచ్చి రెండో ఓటు అడుగుతున్న నువ్వెవరో మాకేం తెలుసు?”

“నా కాలు చూడు.”

“అడవిలో కుంటికాళ్ళు బోలెడు.”

ఎవరో ముసిముసిగా నవ్వారు. గోరువంక తర్వాతి ఓటు అందుకుంది. ముందు చిన్నగా “ఊఁ” అని ఊపిరి పీల్చిన చప్పుడు. మాట మొదలుపెట్టే ముందు అలా అనే అలవాటు ఈ అడవిలో ఒక్కరికే ఉండేది.

“ఊఁ… నా ఓటు తోడేలుకే.”

చుక్కమ్మకు అది ఏడాదిగా కలలో కూడా వినపడని గొంతు. మళ్ళీ వినాలని ఎంత అనిపించిందో, ఆ నోట ఆ పేరు విన్నందుకు అంత వణుకు పుట్టింది.

“అది నా చివురు,” అంది. “నా బిడ్డ చచ్చిపోయింది. మడుగు దారిలో వీళ్ళే తిన్నారు.”

తోడేలు ఆవలించింది.

“పోయిందని నువ్వొచ్చి చెప్పావా?” అని నక్క మెత్తగా అడిగింది. “జాబితాలో పేరుంది. పేరుంటే ఓటుంటుంది.”

తాబేలు గొంతు సవరించుకుంది. “అడవిలో ఉన్నది డెబ్భై ఎనిమిది మంది. ఇప్పటికే ఓట్లు తొంభై దాటాయి.”

“కొండకవతల నీకు తెలియనివాళ్ళు ఉండరా తాతా? నీ నడకకు ఎంత అడవి తిరిగావు గనక?”

దున్న కొమ్ములు విదిలించి లేచింది. “మళ్ళీ లెక్కపెట్టండి.”

“అలాగే. ఆ మాటలెక్కడున్నాయో చూపించు, లెక్కపెడదాం,” అంది నక్క.

చూపించడానికి ఏమీ లేదు. దున్న ఒక్కటే ఆ గుంపును కుమ్మగలదు. కానీ ఐదేళ్ళూ అందరూ ఒప్పుకున్న మాటకు కట్టుబడినది. చుట్టూ చూసింది. వెనక నిలబడేందుకు పాతికమంది కూడా లేరు. తల దించుకుని కొండెక్కి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నమే చుక్కమ్మ బోడిబండ పక్కనే ఉన్న గోరువంక గూటి కింద నిలబడింది.

“నా బిడ్డ గొంతు నీకెలా వచ్చింది?”

“మీ పొద మీది కొమ్మనే కదా రెండేళ్ళున్నాను. రోజూ విన్నాను.” గోరువంక గొంతు ఇప్పుడు దాని సొంత గొంతే, బొంగురుగా ఉంది. “నక్క నా గూటి కింద కూర్చుంది చుక్కమ్మా. పిల్లలకు రెక్కలొచ్చేదాకా జాగ్రత్త అంది. పని అయిపోయాక పామూ పిల్లీ ఇటు చూడకుండా తనే చూసుకుంటానంది. ఆ గొంతు పలికినప్పటి నుంచి నాకు నీళ్ళు కూడా దిగడం లేదు. రేపు అందరి ముందూ నిజం చెబుతాను.”

మర్నాడు కుందేలు అందరినీ పోగుచేసి తీసుకొచ్చింది. చెట్టు కింద ఈకలున్నాయి. గూడు చిరిగి నేల మీద పడి ఉంది. అందులో పిల్లలు లేవు. దొంగకు సాయం చేసినవాణ్ణి దొంగ బతకనివ్వడని పెద్దలు ఊరికే అనలేదు.

ఇంటికి తిరిగే దారిలో చుక్కమ్మ తాబేలు దగ్గర ఆగింది.

“ఆ రోజు నిన్ను నోటికొచ్చినట్టు అన్నాను బావా.”

“నువ్వు నడవలేకపోవడం నిజమే కదమ్మా,” అంది తాబేలు. “నక్క అబద్ధాన్ని ఎరగా కట్టి ఉంటే ఎవరమూ పడేవాళ్ళం కాదు. నీ నిజాన్ని కట్టింది. మేమన్నా నీకోసం ఎన్నికను ఇటు జరపలేమా అని ఆలోచించామా? అదీ లేదు.”

ఎండలు ముదిరాయి. మడుగు ఒడ్డున తోడేళ్ళు బారులు తీరాయి. నీళ్ళకు వెళ్ళిన గుంపుల్లో రోజూ ఒకటి తగ్గేది. ఎవరు తగ్గారని అడిగేందుకు ఎవరూ లేరు. కంచే చేను మేస్తుంటే ఎవరితో చెప్పుకుంటారు?

దాహం పట్టలేక చుక్కమ్మ ఒకనాడు వెళ్ళింది. వరసలో చివర నిలబడితే నక్క ఎదురొచ్చింది.

“నువ్విక్కడేంటి వదినా? మొదటి నుంచీ మా పక్షం నిలబడ్డదానివి. రా, ముందు నువ్వే తాగు.”

దారి వదిలారు. తోడేళ్ళు పక్కకు జరిగాయి. ఆమె వెనక నిలబడ్డ అడవిపందులు, లేళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని రెండడుగులు వెనక్కి వేశాయి. చుక్కమ్మ మడుగు ఒడ్డున ఆగింది. తాగకపోతే ప్రాణం పోతుంది. తాగితే ఆ మాట నిజమవుతుంది. తల వంచి తాగింది.

తిరిగొస్తుంటే కుందేలు పక్కన నడిచింది. దాని వెంట ఇప్పుడు ఇద్దరు పిల్లలే ఉన్నారు. చాలా దూరం నడిచాక చిన్న గొంతుతో అడిగింది.

“వదినా, నీతో పాటు నేనూ వచ్చాను, నిజమే. కానీ గోరువంకకు నువ్వు చెప్పినప్పుడు నేను లేను కదా. నా మీద ఒట్టేసి చెప్పు. నువ్వు ఓటు ఎవరికేశావు?”

చుక్కమ్మ ఆగిపోయింది. చెప్పడానికి మాట ఉంది. చూపించడానికి ఏమీ లేదు.

నీతి: మళ్ళీ లెక్కపెట్టి చూపలేని ఓటు వేసినవాడిది కాదు, లెక్క చెప్పేవాడిది.